గొంతు లేని కీబోర్డు గమకం పలుకుతుందా?

వీపు సంచిలో ఇమిడిపోయే 25 మీటల చిన్న కీబోర్డులు ఇళ్లలోని స్టూడియోల్లోనూ, కచేరీ వేదికల మీదా కనిపిస్తున్నాయి. వీటిలో చాలావాటికి స్పీకరు ఉండదు. ధ్వనిని పుట్టించే సర్క్యూటూ ఉండదు. ఊరికే మీట నొక్కితే ఏ స్వరమూ వినిపించదు. కంప్యూటర్‌కో, ఫోన్‌కో కలిపినప్పుడే సంగీతం వస్తుంది. వీటినే మిడి కంట్రోలర్లు అంటారు.

మరి ఈ కీబోర్డు చేసే పని ఏమిటి? ఏ మీట నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారాన్ని అంకెల రూపంలో పంపుతుంది. వాటిని చదివి ధ్వనిని తయారుచేసేది కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్.

మూడు బైట్ల సందేశం

ఒకప్పుడు ఒక కంపెనీ సింథసైజర్‌ను మరో కంపెనీ వాద్యంతో కలపడం పెద్ద తలనొప్పి. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపాన్‌కు చెందిన ఇకుతారో కకెహాషి చొరవతో రెండు దేశాల కంపెనీలు ఒక ఉమ్మడి భాషకు ఒప్పుకున్నాయి. 1983లో వచ్చిన ఆ ప్రమాణమే మిడి. ఇందుకుగాను ఆ ఇద్దరికీ 2013లో సాంకేతిక విభాగంలో గ్రామీ పురస్కారం దక్కింది.

మీట నొక్కగానే వెళ్లే సందేశంలో ఉండేవి మూడు బైట్లే. మొదటిది 'స్వరం మొదలైంది' అని, ఏ చానెల్‌లో అన్నదీ చెబుతుంది. రెండోది మీట సంఖ్య. పియానో నడిమి 'సి' స్వరానికి ఈ సంఖ్య 60. మూడోది నొక్కిన వేగం. పాత మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లు ప్రయాణిస్తాయి. ఒక్కో బైటు ముందూ వెనకా గుర్తులతో కలిపి 10 బిట్లు అవుతుంది. అంటే 30 బిట్ల సందేశం చేరడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు.

వేగం ఎలా తెలుస్తుంది?

ఇక్కడ పనికొచ్చేది స్కూల్లో చదువుకున్న భౌతికశాస్త్రమే. సాధారణంగా ప్రతి మీట కిందా రెండు స్విచ్చులు కొద్ది ఎడంతో ఉంటాయి. మీట దిగుతున్నప్పుడు ఒకదాని తర్వాత ఒకటి తగులుతాయి. మధ్య దూరం 3 మిల్లీమీటర్లు అనుకుందాం. 3 మిల్లీసెకన్లు పడితే వేగం సెకనుకు ఒక మీటరు. 30 మిల్లీసెకన్లు పడితే అందులో పదో వంతు. ఈ వ్యవధిని కీబోర్డు 1 నుంచి 127 మధ్య అంకెగా మారుస్తుంది. అంకె పెరిగేకొద్దీ స్వరం గట్టిగా పలుకుతుంది. చిన్న కీబోర్డులో మీట తక్కువ లోతుకే దిగుతుంది కాబట్టి మెల్లగా, గట్టిగా వాయించడంలోని తేడాను వేళ్లతో అదుపు చేయడం కష్టమవుతుంది.

మన సంగీతం ఇందులో ఇముడుతుందా?

మీటల వాద్యాల మీద మన దేశంలో అభ్యంతరం పాతదే. స్వరం నుంచి స్వరానికి జారడం హార్మోనియానికి చేతకాదన్న విమర్శల మధ్య 1940లో ఆల్ ఇండియా రేడియో దాన్ని నిషేధించింది. 1971లో గానీ ఆ నిషేధాన్ని సడలించలేదు. మిడి కీబోర్డుకూ ఇదే పరీక్ష ఎదురవుతుంది. మీటలు ఒక స్థాయిని 12 సమాన భాగాలుగా విడగొడతాయి. గమకం నడిచేది ఆ భాగాల మధ్యలో.

దీనికి కీబోర్డు ఎడమ పక్కన ఉండే పిచ్ చక్రం ఒక దారి చూపిస్తుంది. కుడిచేత్తో మీట నొక్కి, ఎడమచేత్తో చక్రం తిప్పితే శ్రుతి జారుతుంది. వీణలోనూ కుడిచేయి మీటుతుంది, ఎడమచేయి మెట్టు మీద తీగను లాగి గమకం పలికిస్తుంది.

మిడిలో ఈ జారుడుకు 14 బిట్లు, అంటే 16,384 అంచెలు ఉన్నాయి. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తారు. చక్రాన్ని పైకీ కిందికీ చెరో 12 స్వరస్థానాలకు అమర్చినా ఒక్కో అంచె 0.15 సెంట్లే. చెవికి ఆ తేడా తెలియదు. కానీ పరికరం 7 బిట్లనే, అంటే 128 అంచెలనే వాడుకుంటే ఒక్కో అంచె దాదాపు 19 సెంట్లవుతుంది. అప్పుడు గమకం జారినట్టు కాక, మెట్లు దిగినట్టు వినిపిస్తుంది.

మరో చిక్కు ఉంది. చక్రం తిప్పితే ఆ చానెల్‌లోని స్వరాలన్నీ కలిసే జారుతాయి. అడుగున షడ్జం నిలిపి పైన గాంధారాన్ని ఊపడం కుదరదు. ఎంపీఈ అనే పద్ధతి ఒక్కో స్వరానికి ఒక్కో చానెల్ కేటాయించి దీన్ని దాటింది. 2020లో ప్రకటించిన మిడి 2.0 ఒక్కో స్వరాన్ని విడిగా వంచే సదుపాయాన్ని ప్రమాణంలోనే చేర్చింది. వేగానికీ 65,536 స్థాయిలు ఇచ్చింది.

మన సంగీతం కోసం ఇలాంటి కీబోర్డు కొనేవారు మీటల సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు. పిచ్ చక్రం ఉందా, అది 14 బిట్లనూ పంపుతుందా, ఎంపీఈ పనిచేస్తుందా అని అడగాలి. ఇవన్నీ ఉన్నా గమకాన్ని కీబోర్డు తనంతట తాను పలకదు. అది ఇప్పటికీ ఎడమచేతి సాధన మీదే ఆధారపడి ఉంది.