సముద్రపు నీటి అక్వేరియంలో ఐప్టేసియా – సమగ్ర యాజమాన్యం

అలంకార చేపల పెంపకం నేడు మంచినీటి తొట్టెలను దాటి సముద్రపు నీటి అక్వేరియంల వరకు విస్తరించింది. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణాలు, 25 డిగ్రీల సెల్సియస్ పరిసరాల్లో ఉష్ణోగ్రత గల ఈ తొట్టెలలో పెంపకందారులను అధికంగా బాధించే జీవి ఐప్టేసియా అనే చిన్న సీ అనిమోన్. ఇది జంతువే అయినా, వ్యాప్తి చెందే తీరులో మొండి కలుపును తలపిస్తుంది.

ఈ సంగతిని స్వయంగా ఒక పొరపాటు చేసి గ్రహించాను. మిత్రుని తొట్టె నుండి తెచ్చిన రాతితో పాటు మా ఇంటి అక్వేరియంలోకి ఒక ఐప్టేసియా వచ్చింది. దానిని చాకుతో గీకి తీసివేశాను. కొన్ని వారాలకు ఆ రాతిపైన, పక్క రాళ్లపైన పదికి పైగా పిల్లలు కనిపించాయి. తుంగ గడ్డల గొలుసును తెంపి పొలంలో వదిలితే ప్రతి గడ్డా ఒక మొక్క అవుతుందని ఏటా తరగతిలో చెప్పే నేను, ఇంట్లో సరిగ్గా ఆ పనే చేశాను.

గుర్తింపు, వృద్ధి

ఐప్టేసియా లేత గోధుమ రంగులో, కొంత పారదర్శకంగా, సన్నని పొడవైన స్పర్శకాలతో ఉంటుంది. తాకిన వెంటనే రాతి రంధ్రంలోకి ముడుచుకుపోతుంది. స్పర్శకాలపై గల దంశకణాలతో పొరుగు జీవులను గాయపరచి చోటును ఆక్రమిస్తుంది. పాదభాగం నుండి తెగిపడిన చిన్న ముక్క కూడా పూర్తి జీవిగా ఎదగగలదు. దీనికి తోడు లైంగిక ప్రత్యుత్పత్తి కూడా ఉంది. కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా దీనికి ఆహారం అందిస్తాయి. కనుక మేత తగ్గించినంత మాత్రాన ఇది నశించదు. ఈ సహజీవనం కారణంగానే పగడాల పరిశోధనలో ఐప్టేసియాను నమూనా జీవిగా వాడుతున్నారు. దీని జన్యుక్రమం 2015లో ప్రచురితమైంది.

నివారణ

పంటలో ఆర్థిక నష్ట పరిమితి చేరే వరకు వేచి చూస్తాము. ఇక్కడ మొదటి అనిమోన్ కనిపించడమే చర్యకు సమయం. కొత్త రాళ్లను, జీవులను కనీసం 4 వారాలు వేరే తొట్టెలో ఉంచి, రాత్రి వేళ టార్చి వెలుగులో కూడా పరిశీలించాలి. మిగిలిన మేత నీటిలో కుళ్లి నత్రజని, భాస్వరం పెరుగుతాయి. తేలియాడే మేత కణాలు అనిమోన్‌కు ఆహారమవుతాయి. అందువల్ల చేపలు రెండు మూడు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి.

రసాయన పద్ధతి

సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌ను, అనగా తడి సున్నాన్ని, కొద్ది నీటితో చిక్కని ముద్దగా కలపాలి. పంపులు ఆపి, అనిమోన్ విచ్చుకుని ఉన్నప్పుడు సిరంజితో దాని నోటి భాగంపై నెమ్మదిగా వదలాలి. సంతృప్త సున్నపు నీటి ఉదజని సూచిక సుమారు 12.4. కనుక ఒకే రోజు అనేకం చేస్తే తొట్టెలోని చేపలకే ముప్పు. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. వారం తరువాత పరిశీలించి, మిగిలిన వాటికి మరల చేయాలి.

జీవ నియంత్రణ

లెక్కకు మించి వ్యాపించినపుడు సహజ శత్రువులే శరణ్యం. వయ్యారిభామపై 1984లో మెక్సికో నుండి తెచ్చిన జైగోగ్రామా పెంకుపురుగును మనమెరుగుదుము. ఐప్టేసియాకు అటువంటి శత్రువు బెర్గియా అనే సముద్రపు స్లగ్. ఇది ఐప్టేసియాను మాత్రమే తింటుంది. ఆహారం అయిపోతే ఆకలితో చనిపోతుంది. కనుక పని ముగియగానే మరొక పెంపకందారుకు ఇవ్వడం మేలు. పెప్పర్‌మింట్ రొయ్యలు, కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేపలు కూడా తింటాయి గాని, ప్రతి ఒక్కటీ తింటుందన్న హామీ లేదు. పైగా ఈ చేపను మేతకు అలవాటు చేయడం కష్టం.

చేయకూడనివి

గీకడం, చిదమడం, తుంచడం చేయరాదు. మైలుతుత్తం వాడరాదు, రాగి రొయ్యలను, నత్తలను, పగడాలను చంపుతుంది, రాళ్లలో నిలిచిపోతుంది. రాళ్లను మరిగించరాదు, వాటిపై పాలిథోవా జాతి జీవులుంటే పాలీటాక్సిన్ అనే తీవ్ర విషం ఆవిరితో గాలిలో కలిసి, ఇంట్లో వారిని ఆస్పత్రి పాలు చేయగలదు. సోకిన రాళ్లను సముద్రంలో గాని, ఉప్పుటేరులో గాని వేయరాదు. పూర్తిగా ఎండబెట్టి పారవేయాలి.

మా తొట్టెలో ఐప్టేసియా పూర్తిగా అంతరించిందని చెప్పలేను. వారానికొకసారి పరిశీలన, అవసరమైన చోట సున్నపు ముద్దతో అదుపులో ఉంది. కలుపైనా, కీటకమైనా, అనిమోన్ అయినా, సలహా ఇచ్చే ముందు అది ఏ భాగం ద్వారా వృద్ధి చెందుతుందో తెలుసుకోవాలి. ఆ ప్రశ్న వేసుకోకుండా పీకేయమని చెప్పిన సలహా రైతు పొలంలో సమస్యను రెట్టింపు చేస్తుంది. విస్తరణ రంగంలో అడుగిడే విద్యార్థులు దీనిని గుర్తుంచుకోవాలి.