ఊహించినవారే తయారుచేసిన వస్తువులు: హస్తకళల మేళాల్లో ఒక అన్వేషణ

హస్తకళల మేళాలో ఒకే వరుసలో ఉన్న దుకాణాల్లో కనిపించే వస్తువులన్నీ చేతితో చేసినవే అయినా, అవన్నీ ఒకే విధంగా పుట్టినవి కావు. తరతరాలుగా వస్తున్న నమూనాను యథాతథంగా కొనసాగించేవి కొన్ని అయితే, నగరంలో ఒక డిజైనర్ గీసి ఇచ్చిన బొమ్మ ప్రకారం పల్లెలోని పనివారు కూలికి చేసి పంపినవి మరికొన్ని. వీటి మధ్య మూడో తరహా వస్తువులు కూడా ఉంటాయి. వాటి విషయంలో రూపాన్ని ఊహించినవారు, ఆ రూపానికి పదార్థాన్ని ఎంచుకున్నవారు, చేతులు పెట్టి పూర్తి చేసినవారు, చివరికి దుకాణంలో నిలబడి అమ్ముతున్నవారు ఒక్కరే. ఇటువంటివారినే నేడు డిజైనర్-మేకర్లని, అంటే రూపకల్పనను, తయారీని రెంటినీ తామే నిర్వహించే స్వతంత్ర శిల్పులని వ్యవహరిస్తున్నారు. వీరిని ఇతర పనివారి నుంచి వేరుచేసేది చేతి నైపుణ్యం కాదు. ఏమి చేయాలి, ఎంత పరిమాణంలో చేయాలి, ఎవరి అవసరానికి చేయాలి అనే నిర్ణయం వీరి చేతిలోనే ఉండటం.

ఈ నిర్ణయాధికారం చేతివృత్తులవారికి కొత్తది కాదు, కొంతకాలం వారి నుంచి దూరమైనది మాత్రమే. గుడికో, జమీందారుకో, ఊరి రైతుకో పనిచేసిన రోజుల్లో చేసేవారికి వాడేవారి అవసరం నేరుగా తెలిసేది. మిల్లు సరుకు వచ్చి, సరుకుకూ కొనుగోలుదారుకూ మధ్య దళారులు పెరిగిన తరువాత, తమ వస్తువు ఎవరి ఇంటికి చేరుతుందో తెలియని స్థితికి పనివారు వచ్చారు. స్వాతంత్ర్యానంతరం 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డు, దానికి సారథ్యం వహించిన కమలాదేవి ఛటోపాధ్యాయ ఈ పరిస్థితిని మార్చడానికి చేసిన కృషి గొప్పది. చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో సమర్పించిన నివేదిక ఫలితంగా 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడి, శిక్షణ పొందిన డిజైనర్లు పల్లెలకు వెళ్లడం కూడా మొదలైంది. దీనివల్ల ఎన్నో కళలు నిలిచాయి. అయితే ఆలోచన నగరానిది, శ్రమ పల్లెది అనే విభజన కూడా అలవాటుగా స్థిరపడింది. దానిని సరిదిద్దే ఉద్దేశంతో 2005లో గుజరాత్‌లోని కచ్‌లో కళారక్ష విద్యాలయ ప్రారంభమై, సంప్రదాయ కళాకారులు పని మానుకోనవసరం లేకుండా ఏడాది పొడవునా రెండేసి వారాల తరగతులుగా వారికే డిజైన్ విద్యను నేర్పింది. చేతిలో ఉన్న విద్యకు కొత్త ప్రయోజనాన్ని చేసేవారే వెతకగలరన్న నమ్మకం ఆ ప్రయత్నానికి పునాది, తెలుగు నేల మీది అనుభవం కూడా ఆ నమ్మకాన్నే బలపరుస్తున్నది.

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి పలుచన చేసి ఆరబెడితే అది వెలుతురును తనగుండా పోనిచ్చే అర్ధపారదర్శకమైన పొరగా మారుతుంది. దాని మీద బొమ్మ గీసి, ఆభరణాలు, బట్టల అంచులు ఉండే చోట ఉలితో చిన్న చిన్న రంధ్రాలు పొడిచి, రెండు వైపులా రంగులు వేస్తారు. తెర వెనుక దీపం వెలిగించినప్పుడు ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుగే రాముడి కిరీటంలో రత్నాలుగా మెరుస్తుంది. సినిమా, టెలివిజన్ వచ్చాక రాత్రంతా కూర్చుని తోలుబొమ్మలాట చూసే ప్రేక్షకులు తగ్గిపోగా, ఈ కుటుంబాలు అదే తోలుతో, అదే ఉలితో దీపాల గుమ్మటాలు, గదిలో అడ్డుగా పెట్టుకునే తెరలు, గోడకు వేలాడదీసే చిత్రాలు చేయడం ప్రారంభించాయి. ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉంది: తోలుబొమ్మకు ప్రాణమైన గుణం వెలుతురును వడకట్టి పంపడమే కాబట్టి, దీపపు గుమ్మటం ఆ కళ మీద బయటి నుంచి రుద్దిన వస్తువు కాదు, ఆ పదార్థపు స్వభావంలోంచే పుట్టిన వస్తువు. పాత ఆటను బతికించుకోవలసిన బాధ్యత దీనితో తీరిపోదన్నది నిజమే. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది బొమ్మలాట కళాకారుడిగానే. అయినా మంచి డిజైన్ అంటే ఏమిటో తెలుసుకోగోరే వారికి నిమ్మలకుంట గుమ్మటాన్ని మించిన పాఠం మరొకటి దొరకడం కష్టం.

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారుల దారి మరో విధమైనది. ఒక్కొక్క కులానికి దాని పురాణాన్ని చెప్పే కథకులు ఉండగా, వారు కథ చెబుతూ చూపడానికి పదుల అడుగుల పొడవైన పటాలను ఈ చిత్రకారులు చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసిన గుడ్డ మీద ఎర్రని నేపథ్యంతో వేసేవారు. కథకులు తగ్గి అంత పటానికి గిరాకీ లేకపోవడంతో, పటంలోని ఒక్కొక్క ఘట్టాన్ని విడదీసి చిన్న ఫలకాలుగా వేయడం, రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముఖాకృతులు చేయడం మొదలుపెట్టారు. ఘట్టాన్ని కథ నుంచి తెంపినప్పుడు కొంత నష్టం జరగక తప్పదు, అందుకే ఆ బొమ్మలోని కథ ఏమిటని చిత్రకారుడిని అడిగి తెలుసుకున్న కొనుగోలుదారు ఆ నష్టాన్ని కొంతైనా పూడ్చినవారవుతారు.

రూపం కన్నా రంగు ప్రధానమైన ఉదాహరణ ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరిలో, తరిమెన మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనించినప్పుడు, రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే నునుపైన మెరుపు వస్తుంది. తెలుగు ఇళ్లలో ఆడపిల్లలు ఆడుకున్న లక్కపిడతలు ఈ విధంగా తయారైనవే. రసాయన రంగుల వాడకం పెరిగిన దశలో, పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు అవి తగవని గ్రహించి, పసుపు, నీలిమందు, జాఫ్రా వంటి వాటి నుంచి తీసిన రంగులను లక్కలో నిలిపే పద్ధతి మీద సి.వి. రాజు చాలా ఏళ్లు కృషి చేశారు. ఆయనకు 2023లో పద్మశ్రీ లభించగా, 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఏటికొప్పాక బొమ్మలే సాగాయి. మేళాలో ఈ బొమ్మల మధ్య కళ్లు చెదిరే గులాబీ, చిలకపచ్చ రంగులు ఎక్కడైనా కనిపిస్తే ఆ రంగు దేనితో చేశారని అడగడం కొనుగోలుదారు హక్కు. చెట్టు నుంచి, వేరు నుంచి, గింజ నుంచి వచ్చే రంగులు సాధారణంగా కాస్త అణగి, మెత్తగా ఉంటాయి.

నేతలో స్వతంత్ర రూపకల్పనకు పోచంపల్లి, పుట్టపాక గొప్ప క్షేత్రాలు. ఇక్కడి ఇకత్ నేతలో గుడ్డ నేసిన తరువాత అద్దకం వేయరు. నేయకముందే నూలును లెక్క ప్రకారం కట్టి, కట్టిన చోట రంగు పట్టకుండా ముంచి తీసి, ఆ నూలును మగ్గం మీద పేర్చినప్పుడు బొమ్మ తనంతట తానే తేలేలా చేస్తారు. అంటే డిజైన్ మొత్తం మగ్గం ఎక్కకముందే నేతగాడి మనసులో, గళ్ల కాగితం మీద పూర్తయి ఉండాలి. నూలును కట్టి ముంచే ఈ చిటికి పనికి ముందు పేక నూలును మేకుల మీద అర్ధచంద్రాకారంగా చుట్టే ప్రక్రియ పేరు ఆసు. దీనివల్ల తల్లికి కలిగే భుజాల నొప్పిని చూడలేక చింతకింది మల్లేశం తయారుచేసిన ఆసు యంత్రం, 2017లో ఆయనకు లభించిన పద్మశ్రీ తెలుగువారికి తెలిసినవే. నేతలో ఆలోచించే చేయి చీర మీద పూవు దగ్గరే ఆగదని, పనిముట్టు దాకా వెళుతుందని ఈ ఉదాహరణ చూపుతుంది.

కుండల విషయంలో స్వతంత్ర శిల్పుల సంప్రదాయం ఎక్కువగా వృత్తి కులాలకు వెలుపల పెరిగింది. 1971లో పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ నుంచి దేశంలోని చాలామంది స్టూడియో కుమ్మరులు తయారయ్యారు. వీరు చేసేది ఎక్కువగా స్టోన్‌వేర్, అంటే 1200 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాల్చడం వల్ల రాయిలా గట్టిపడి నీరు పీల్చని మట్టి పాత్ర.

ఇటువంటి వారందరూ కొనుగోలుదారుకు ఎదురుపడే చోటు మేళా. ఆరుగురు మహిళలు 1981లో స్థాపించిన దస్త్కార్ సంస్థ నడిపే బజార్లు, హర్యానాలో 1987 నుంచి జరుగుతున్న సూరజ్‌కుండ్ మేళా, దస్త్కారీ హాట్ సమితి నాయకురాలు జయా జైట్లీ చొరవతో 1994లో ఢిల్లీలో తెరుచుకున్న దిల్లీ హాట్ ఈ తరహా వేదికలకు దేశవ్యాప్తంగా ఒక నమూనాను ఇచ్చాయి. దిల్లీ హాట్‌లో దుకాణాలను ఎవరికీ శాశ్వతంగా కేటాయించక పదిహేను రోజులకొకసారి మారుస్తూ కళాకారులకే ఇవ్వాలన్న నియమం మూల సూత్రమైంది. అటువంటి నియమం లేనిచోట మేళా క్రమంగా వ్యాపారుల బజారుగా మారిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. హైదరాబాదు మాదాపూర్‌లోని శిల్పారామం, ఆ తరువాత తిరుపతి, విశాఖపట్నం వంటి చోట్ల వెలసిన శిల్పారామాలు తెలుగువారికి ఈ అవకాశాన్ని దగ్గర చేశాయి. వ్యాపారి అమ్మడంలో తప్పేమీ లేదు, అతడు తాను వ్యాపారినని చెప్పినంతవరకు. చేసినవారు ఎవరో తెలియకుండా దాచడమే తప్పు.

దుకాణంలో ఉన్నది చేసినవారా, కాదా అన్నది తెలుసుకోవడానికి అనుమానపు చూపు అవసరం లేదు, ఆసక్తి చాలు. ఈ వస్తువులో అన్నిటికన్నా కష్టమైన దశ ఏది, ఏ కాలంలో ఈ పని సాగదు, ఈ నమూనాకు ముందు ఏది ప్రయత్నించి వదిలేశారు అని అడిగితే, స్వయంగా చేసినవారి సమాధానం కాగితం మీద అచ్చువేసిన వివరణకు భిన్నంగా ఉంటుంది. వస్తువు కూడా తన కథ తాను చెబుతుంది. ఇకత్ గుడ్డలో బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టుండి, రెండు వైపులా రంగు ఒకే గాఢతతో కనిపిస్తుంది. ఇకత్‌ను పోలేలా అచ్చువేసిన గుడ్డకు వెనుక వైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది. శ్రీకాళహస్తి కలంకారీలో, కరక్కాయ రసం, గేదె పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద వెదురు కలంతో, ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టిన నల్లని ద్రావణంతో గీసిన గీత ఒకచోట బరువుగా, మరొకచోట పలుచగా సాగుతుంది. స్క్రీన్ ప్రింట్ గీతకు ఆ ఊపిరి ఉండదు. సారె మీద చేసిన పాత్ర అడుగున దారంతో కోసిన గుల్ల ఆకారపు గీతలు చాలాసార్లు మిగిలి ఉంటాయి. ఈ గుర్తులను లోపాలుగా భావించి, వంక లేని దానికోసం గుట్టలో వెతికేవారు చేతి పనిని కొనడానికి వచ్చి యంత్రపు గుణాన్ని కోరుతున్నట్టే.

ధర గురించి కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. మేళాలో చెప్పే ధరలో పదార్థం, శ్రమ మాత్రమే కాక ప్రయాణం, బస, సరుకు రవాణా, అద్దె ఉన్నచోట దుకాణపు అద్దె, అమ్ముడుపోక తిరిగి వెళ్లే వస్తువుల భారం ఉంటాయి. వీటన్నిటికీ మించి, తానే చేసి తానే అమ్మే మనిషి మేళాలో ఉన్నన్ని రోజులూ ఇంటి దగ్గర మగ్గమో, సారో ఆగిపోయి ఉంటుంది. పెద్ద కంపెనీకి ఈ చివరి నష్టం లేదు, ఎందుకంటే అక్కడ అమ్మేవారు వేరు, చేసేవారు వేరు. కాబట్టి సగం ధరకు అడిగి బేరమాడటం సంత మర్యాదగా చెల్లవచ్చు గానీ, స్వతంత్ర శిల్పి దగ్గర అది ఆమె లేదా అతడి పని దినాలను తగ్గించి లెక్కగట్టడమే అవుతుంది. ధర అందుబాటులో లేకపోతే చిన్న వస్తువు కొనడమో, తరువాత చేయించుకుంటామని వివరాలు తీసుకోవడమో మేలు.

ఒకరు ఊహించిన నమూనాను మరొకరు నకలు చేయడం చట్టం సాయంతో కూడా సులభంగా తీరని ఇంకొక అన్యాయం. పోచంపల్లి ఇకత్, శ్రీకాళహస్తి కలంకారీ, ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మలు భౌగోళిక గుర్తింపు పొందాయి. అయితే భౌగోళిక గుర్తింపు అన్నది ఒక ఉత్పత్తి పేరును అది పుట్టిన ప్రాంతానికి చెందినదిగా కాపాడే హక్కు మాత్రమే, ఒక వ్యక్తి ఆలోచనను అది కాపాడదు. వ్యక్తి రూపొందించిన కొత్త నమూనాకు డిజైన్ల చట్టం, 2000 కింద నమోదు చేసుకుంటే పదేళ్లు, ఆపైన మరో అయిదేళ్లు రక్షణ దొరుకుతుంది గానీ, ప్రతి నమూనాకూ రుసుము చెల్లించి దరఖాస్తు పెట్టే తీరిక, స్తోమత ఒంటరిగా పనిచేసే నేతగాడికి ఉండటం అరుదు. చేసినవారికి కనీసం పేరైనా దక్కాలన్న ఆలోచన కొత్తది కాదు. లండన్‌లో 1888లో ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఎగ్జిబిషన్ సొసైటీ జరిపిన తొలి ప్రదర్శనలో ప్రతి వస్తువుకూ రూపకర్త పేరుతో పాటు దానిని చేసిన పనివారి పేరు కూడా ప్రకటించాలన్న పట్టుదల కనిపించింది. మన మేళాల్లో ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మనిషి పేరు చాలాసార్లు ఉండనే ఉండదు.

ఈ లోటును పూడ్చడానికి ప్రభుత్వ ఉత్తర్వుల కోసం ఎదురుచూడనవసరం లేదు. మేళాలో ఒక వస్తువును కొన్న పాఠకులు బిల్లు మీదనో, వస్తువు అడుగుననో, వెనుకనో చేసినవారి పేరు, ఊరు, సంవత్సరం వారి చేతనే రాయించుకోవాలి. దానిని ఎవరికైనా బహూకరించినప్పుడు ఆ పేరును కూడా చెప్పి ఇవ్వాలి.