ముందు పైది... తర్వాతే కిందిది!

కారు గేర్‌బాక్సు ఆయిల్‌ ఇంట్లోనే మారుద్దామనుకుంటున్నారా? పానా పట్టేముందు ఒక్కమాట. మాన్యువల్‌ గేర్‌బాక్సుకు సాధారణంగా రెండు ప్లగ్గులుంటాయి. ఆయిల్‌ పోసేది పైన, తీసేది కింద. ముందు పైదాన్నే వదులు చేయాలి. కిందిది విప్పి ఆయిలంతా వదిలేశాక పైది రానని మొండికేస్తే... కొత్తది పోసే దారుండదు, బండి తీయడానికీ వీలుండదు!

బిగుసుకుపోయిన ప్లగ్గు దగ్గర బలం చూపొద్దు. మట్టి దులిపి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారాక తలకు సరిగ్గా సరిపోయే ఆరు పలకల సాకెట్‌ వేసి, పొడవాటి పిడితో నిదానంగా తిప్పండి. వదులు సాకెట్‌తో అంచులు అరిగిపోయాయంటే పని రెట్టింపే.

అన్నట్టు, జాకీని నమ్మి కారు కిందికి దూరొద్దు. స్టాండ్లు తప్పనిసరి!