చలిగాలి జాబితాలో ఉంది, వడగాలి లేదు

2015 మే నెల. నాకప్పుడు పదకొండేళ్లు. మా పెదనాన్న తాపీమేస్త్రీ. పల్నాడులో మా ఊరి పక్కనే ఒక ఇంటికి స్లాబు వేస్తున్నారు. స్లాబు అంటే మధ్యలో ఆపే పని కాదు, కాంక్రీటు పోయడం మొదలుపెడితే పూర్తయ్యేదాకా కిందికి దిగరు. మధ్యాహ్నం రెండు దాటాక ఇంటికొచ్చి, "కాళ్లు లాగేస్తన్నాయిరా, కాసిని మజ్జిగ తీసుకురా" అని మంచం మీద వాలాడు. నేను గ్లాసుతో వచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. గంట కూడా బతకలేదు.

కాగితం మీద 'గుండె ఆగిపోవడం' అని రాశారు. అది అబద్ధం కాదు, ఆఖరికి ఎవరికైనా ఆగేది గుండే కదా. కానీ దాన్ని ఆపింది ఏమిటో అందులో లేదు. పోస్టుమార్టం చేయించాలని మా వాళ్లకు తెలియదు. సాయంత్రానికే దహనం చేసేశారు. ఆ వేసవిలో దేశంలో వడగాలులకు రెండు వేల మందికి పైగా చనిపోయారని లెక్క తేలింది. వాళ్లలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే. ఆ లెక్కలో మా పెదనాన్న లేడు.

పదేళ్ల తర్వాత, ఫైనలియర్‌లో సివిల్స్ ప్రిపరేషన్ మొదలుపెట్టి విపత్తు నిర్వహణ పాఠం చదువుతుంటే ఒక జాబితా దగ్గర ఆగిపోయాను. ఈ వ్యాసం దాని గురించే.

ఏది విపత్తు?

2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. విపత్తు జరిగితే సాయానికి ప్రతి రాష్ట్రానికీ ఒక నిధి ఉంటుంది, దాని పేరు రాష్ట్ర విపత్తు స్పందన నిధి. మన లాంటి రాష్ట్రాలకు అందులో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం వేస్తాయి. అయితే దాన్ని దేనికి పడితే దానికి ఖర్చు పెట్టడానికి లేదు. కేంద్రం గుర్తించిన పన్నెండు విపత్తులకే పెట్టాలి: తుపాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు విరిగిపడటం, హిమపాతం, మేఘ విస్ఫోటం, చీడపీడల దాడి, చివరగా మంచు, చలిగాలులు.

మరోసారి చదవండి. చలిగాలి ఉంది. వడగాలి లేదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత చెప్పుకునే నేల మనది. రెంటచింతల, రామగుండం పేర్లు ప్రతి వేసవిలో వార్తల్లో వినబడతాయి. అయినా జాతీయ జాబితా ప్రకారం ఎండ విపత్తు కాదు.

రాష్ట్రాలు అడగలేదా అంటే, అడిగాయి. 15వ ఆర్థిక సంఘం మాత్రం ఉన్న జాబితా చాలావరకు సరిపోతుందని, పెంచనక్కర్లేదని చెప్పింది. దానికి బదులు ఒక వెసులుబాటు ఉంది. రాష్ట్రం తనకు ప్రత్యేకమైన విపత్తులను తానే ప్రకటించుకుని, నిధిలో 10 శాతం దాకా వాటికి వాడుకోవచ్చు. ఒడిశా, కేరళ ఈ దారిలోనే వెళ్లాయి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ కూడా వడగాలులను, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. అంతకుముందు ఆపద్బంధు పథకం కింద చనిపోయినవాళ్ల కుటుంబానికి 50 వేలు ఇచ్చేవాళ్లు, ఇప్పుడది 4 లక్షలైంది. మంచి అడుగే. కానీ ఆ పది శాతాన్నే రాష్ట్రం ప్రకటించుకున్న విపత్తులన్నీ పంచుకోవాలి.

ఎంత ఎండైతే వడగాలి?

వాతావరణ శాఖ లెక్క ఇది. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, మామూలు కంటే 4.5 డిగ్రీలు లేదా ఆపైన పెరిగితే వడగాలి. 6.4 కంటే ఎక్కువ పెరిగితే తీవ్ర వడగాలి. మామూలుతో పని లేకుండా 45 దాటితే వడగాలి, 47 దాటితే తీవ్రం. తీర ప్రాంతానికి 40కి బదులు 37 చాలు, కానీ మామూలు కంటే 4.5 డిగ్రీల పెరుగుదల ఉండాల్సిందే.

ఇక్కడ మెకానికల్ వాళ్లకు ఒక డౌటు రావాలి. ఇందులో గాలిలోని తేమ ఎక్కడుంది?

మన ఒంటికి ఉన్న కూలింగ్ సిస్టమ్ చెమట. చెమట పట్టడం వల్ల కాదు, అది ఆవిరవడం వల్ల ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట కారుతుంది గానీ ఆరదు. దీన్ని కొలిచేదే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత. ఆర్ఏసీ ల్యాబులో థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి గిరగిరా తిప్పామే, అదే. అప్పుడు రీడింగ్ రాసుకుని రికార్డు సబ్మిట్ చేసి మర్చిపోయాం.

ఒక లెక్క చేసి చూద్దాం. 42 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉంటే వెట్ బల్బ్ దాదాపు 24 వస్తుంది. అదే 38 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే దాదాపు 31. అంటే థర్మామీటర్లో నాలుగు డిగ్రీలు తక్కువున్న ఊళ్లోనే ఒంటికి ప్రమాదం ఎక్కువ. వెట్ బల్బ్ 35కి చేరితే ఆరోగ్యవంతుడు నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని సిద్ధాంతం. ఆ తర్వాత యువకుల మీద చేసిన ప్రయోగాల్లో అసలు హద్దు ఇంకా తక్కువేనని తేలింది. ఇక స్లాబు మీద ఇసుక, కంకర మోసే మనిషి సంగతి వేరే చెప్పాలా?

కోస్తాలో మామూలుగా 36 ఉండే చోట 38 వచ్చిందనుకోండి, పెరిగింది రెండు డిగ్రీలే కాబట్టి నిర్వచనం ప్రకారం వడగాలి కాదు. ఒంటికి మాత్రం ఆ తేడా తెలియదు. తేమను కూడా కలిపి లెక్కేసే హీట్ ఇండెక్స్‌ను వాతావరణ శాఖ 2023లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. హెచ్చరికలకు అదే ప్రధాన ఆధారం కావాలన్నది నా అభిప్రాయం.

చేస్తే తగ్గుతుంది

2010 మేలో అహ్మదాబాద్‌లో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. మామూలు మే నెల కంటే 1,300 మందికి పైగా ఎక్కువగా చనిపోయారు. 2013లో ఆ నగరం వడగాలుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. దక్షిణాసియాలో అదే మొదటిది. అందులో రాకెట్ సైన్సేమీ లేదు. ముందురోజే హెచ్చరిక, రంగుల అలర్టులు, ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ, తాగునీటి కేంద్రాలు, పేదల ఇళ్ల పైకప్పులకు తెల్ల సున్నం. ఆ తర్వాత మరణాలు తగ్గాయని అధ్యయనాలు చెప్పాయి. తెలంగాణ కూడా 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించి, 2028కల్లా 300 చదరపు కిలోమీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది.

మన ఊళ్లలో చలివేంద్రాలు ఉన్నాయి, మజ్జిగ పంపిణీ ఉంది. కానీ కూలి సంగతి? పన్నెండు నుంచి మూడింటి దాకా పని ఆపమని సలహా ఇస్తారు. ఆ మూడు గంటల కూలి ఎవరిస్తారో చెప్పరు. ఉపాధి హామీలో పనిని కొలిచి డబ్బులిస్తారు, ఎండ ఎంతున్నా కొలత మాత్రం తగ్గదని మా అమ్మ అంటుంది. రోజుకూలీకి ఇంట్లో కూర్చోమనడం సలహా కాదు, పస్తు.

లెక్కలోకి రావాలంటే

వడదెబ్బ మరణాన్ని ధ్రువీకరించడానికి మండలంలో తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారితో త్రిసభ్య కమిటీ ఉంటుంది. నకిలీ దరఖాస్తులు రాకుండా ఏదో ఒక తనిఖీ అవసరమే, కాదనను. కానీ పోస్టుమార్టం లేకపోతే కమిటీ ముందు పెట్టడానికి కుటుంబం దగ్గర ఏమీ మిగలదు. పైగా ఎండ ఎక్కువగా చంపేది అప్పటికే గుండె, కిడ్నీ జబ్బులున్న వాళ్లను. కాగితం మీద ఆ జబ్బు పేరే పడుతుంది. మరణాలు తక్కువ కనబడితే జాబితాలో చేర్చాల్సిన తొందర కనబడదు. జాబితాలో లేకపోతే సరిగ్గా లెక్కపెట్టాల్సిన తొందర ఉండదు. అహ్మదాబాద్‌లో సర్టిఫికెట్లు చూసి కాదు, ఆ నెలలో మొత్తం ఎంతమంది పోయారు, మామూలుగా ఎంతమంది పోతారు అని పోల్చి చూశారు కాబట్టే ఆ 1,300 సంఖ్య బయటపడింది. ఆ పోలిక ప్రతి జిల్లా చేయగలదు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, జనన మరణాల రిజిస్టర్లు చాలు.

నాతో పాటు ప్రిపేరవుతున్న వాళ్లకు ఒక మాట. ఈ టాపిక్ జీఎస్-3లో విపత్తు నిర్వహణ కింద, జీఎస్-2లో కేంద్ర-రాష్ట్ర ఆర్థిక సంబంధాల కింద, ఎస్సేలో ఎక్కడైనా రావచ్చు. జాబితా, పది శాతం, తేమ, కూలి, మరణాల లెక్క: ఈ అయిదూ రాస్తే సమాధానం నిలబడుతుంది.

మొన్న సెలవులకు ఊరెళ్లినప్పుడు పెద్దమ్మకు తెలంగాణ జీవో సంగతి చెప్పాను. అంతా విని, "మనకొస్తాయా అయ్యా?" అంది. రావని చెప్పాను. మనం ఆంధ్ర అనీ, పదేళ్లయిందనీ, కాగితం లేదనీ చెప్పాను. "పోన్లే, ఎవరికో ఒకరికి వస్తాయిగా" అని మా అన్నయ్యకు క్యారేజీ కట్టడానికి లేచింది. వాడూ తాపీ పనికే వెళ్తున్నాడు.