పాత కారుకు కొత్త పరుగు

మీ ఇంట్లో తాతగారు వాడిన పాత సైకిలు ఒకటి ఉందనుకోండి. చెయినుకు నూనె వేసి ఏళ్ళయింది. బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయి. టైర్లు బీటలు వారాయి. మీ చేతిలో కొద్దిపాటి డబ్బుంది. ఆ సైకిలు జోరుగా పోవాలంటే ముందు ఏం కొంటారు? "ఇంకా పెద్ద పళ్ళచక్రం వేయిస్తాను" అంటారు కొందరు. "ముందు చెయినుకు నూనె, తరువాత బ్రేకు రబ్బర్లు" అంటారు మరికొందరు. ఈ రెండో రకం వారిలో చిన్న ఇంజనీరు దాగి ఉన్నాడన్నమాట.

ఇలాంటి చిక్కే ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ పాత స్పోర్ట్సు కార్లు కొనుక్కున్న వారికి ఎదురవుతుంది. అలాంటి కార్లలో పేరుపొందినది ఎం.జి.బి. ఇద్దరు కూర్చునే ఈ చిన్న కారును 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్ అనే ఊళ్ళో తయారుచేశారు. పైకప్పు తీసివేయగల రకం, కప్పు ఉన్న రకం కలిపి అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే దాని విడిభాగాలు ఈనాటికీ సులభంగా దొరుకుతాయి. దాని ఇంజను పరిమాణం 1798 ఘనపు సెంటీమీటర్లు. బలం దాదాపు 95 అశ్వశక్తులు. నిలిచి ఉన్న కారు గంటకు 96 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి సుమారు 12 సెకండ్లు పడుతుంది. గరిష్ఠ వేగం గంటకు 165 కిలోమీటర్ల వరకు ఉంటుంది. ఆ రోజుల్లో అది గొప్పే. నేటి మామూలు కార్లు కూడా దాన్ని దాటిపోతాయి.

ఒక యువకుడు అలాంటి పాత కారును కొన్నాడనుకుందాం. జీతంలో మిగిల్చిన కొద్ది డబ్బు అతని దగ్గర ఉంది. దుకాణం వారి జాబితాలో తళతళలాడే పెద్ద కార్బురేటరు బొమ్మ అతన్ని ఊరిస్తోంది. కొనాలా, వద్దా? మనం భౌతికశాస్త్రాన్ని సలహా అడుగుదాం.

ముందు మరమ్మతు, తరువాతే మార్పు

కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాడు 95 అశ్వశక్తులు ఇచ్చింది నిజమే. నలభై యాభై ఏళ్ళ తరువాత కూడా అంతే ఇస్తుందా? పిస్టన్ రింగులు అరిగితే మండుతున్న వాయువులు పక్కల నుంచి జారిపోతాయి. వాల్వులు సరిగా మూసుకోకపోతే పీడనం తగ్గుతుంది. నిప్పురవ్వ పుట్టవలసిన క్షణానికి కాస్త ముందో వెనకో పుడితే పెట్రోలులోని శక్తి వృథా అవుతుంది. ఇలా పోయిన బలాన్ని తిరిగి తెచ్చుకోవడమే అన్నిటికన్నా చవకైన లాభం.

అందుకని మొదట సిలిండర్లలో పీడనం కొలవాలి. వాల్వుల సందు సరిచేయాలి. రెండు కార్బురేటర్లూ సమానంగా గాలి పీల్చుకునేలా చూడాలి. పాత పద్ధతిలో నిప్పురవ్వ కోసం ఒకదానికొకటి తగిలి విడిపోయే లోహపు బిళ్ళలు ఉంటాయి. అవి నానాటికీ అరిగి, రవ్వ పుట్టే వేళను మారుస్తాయి. వాటి స్థానంలో చిన్న ఎలక్ట్రానిక్ పరికరం అమర్చితే ఆ అరుగుదల ఉండదు. దీనివల్ల కొత్త బలం రాదు; ఉన్న బలం నిలకడగా ఉంటుంది.

నాలుగు అరచేతుల మీద కారు

కారు నేలను తాకేది నాలుగు టైర్ల అడుగుభాగంలోనే. ఒక్కొక్క చోట తాకే జాగా ఇంచుమించు మీ అరచేయి అంత. ముందుకు తోయడం, మలుపు తిప్పడం, ఆపడం, ఈ మూడు పనులూ ఆ నాలుగు అరచేతుల ఘర్షణతోనే జరగాలి. రబ్బరు వయసు పెరిగేకొద్దీ గట్టిపడుతుంది. మీ పెట్టెలో మూలన పడి ఉన్న పాత రబ్బరు ముక్కతో కాగితం మీద గీత చెరిపి చూడండి. అది జారుతుందే కాని పట్టుకోదు. టైరు పైకి నున్నగా, గాళ్ళు నిండుగా కనిపించినా సంగతి ఇదే.

ఒక లెక్క వేద్దాం. గంటకు 80 కిలోమీటర్లు అంటే సెకండుకు 22.2 మీటర్లు. బ్రేకు వేసిన తరువాత కారు ఆగేదాకా పోయే దూరం తెలియాలంటే వేగాన్ని వర్గం చేసి, ఘర్షణ గుణకానికీ గురుత్వ త్వరణానికీ గల లబ్ధానికి రెట్టింపుతో భాగించాలి. మంచి టైరుకు ఘర్షణ గుణకం 0.8, గట్టిపడిన టైరుకు 0.6 అనుకోండి. మొదటి కారు 31.5 మీటర్లలో ఆగుతుంది. రెండోది ఆగడానికి 42 మీటర్లు కావాలి.

తేడా పదిన్నర మీటర్లే కదా అనుకోకండి. మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోటికి వచ్చేసరికి రెండో కారు వేగమెంత? లెక్క కట్టి చూస్తే గంటకు 40 కిలోమీటర్లు అని తేలుతుంది! అక్కడ ఎవరైనా రోడ్డు దాటుతూ ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కాబట్టి మన యువకుడు మొదట డబ్బు ఖర్చు చేయవలసింది కార్బురేటరు మీద కాదు, టైర్ల మీద. టైరు ఏ ఏడాదిదో తెలుసుకోవడం కూడా తేలికే. 2000 తరువాత తయారైన టైర్ల పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. అందులో మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం అన్నమాట.

వేగం ఎక్కడికి పోతుంది?

కారు ఆగినప్పుడు దాని గతిజ శక్తి మాయం కాదు. బ్రేకులలో వేడిగా మారుతుంది. వెయ్యి కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిజ శక్తి సుమారు 3,86,000 జౌళ్ళు. కుండలోని 30 డిగ్రీల నీరు లీటరుం పావును మరిగే స్థితికి తేవడానికి ఆ వేడి సరిపోతుంది. కొండదారిలో మళ్ళీ మళ్ళీ బ్రేకు వేస్తే ఎంత వేడి పోగవుతుందో ఊహించండి.

ఈ వేడి బ్రేకు ద్రవానికి చేరుతుంది. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లడం మీరు చూసే ఉంటారు. ఈ ద్రవానికీ గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. 'డాట్ 4' రకం కొత్త ద్రవం 230 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్న ద్రవానికి ఆ హద్దు 155 డిగ్రీలే. ద్రవం మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కి కుదించలేము కాని, ఆవిరిని కుదించవచ్చు. అప్పుడు కాలితో ఎంత తొక్కినా పెడలు కిందికి దిగిపోతుందే తప్ప చక్రాలు ఆగవు. ఒక సీసా కొత్త ద్రవం, మంచి రకం బ్రేకు ప్యాడ్లు, పాతబడిన రబ్బరు గొట్టాల బదులు కొత్తవి: వీటికి అయ్యే ఖర్చు తక్కువ, కాపాడేది ప్రాణాన్ని.

గడ్డిబండి చెప్పే పాఠం

గడ్డి ఎత్తుగా వేసిన బండి గట్టు పక్కన ఒరిగితే రైతు గుండె ఆగినంత పనవుతుంది. ఇసుక బండి అంత తేలికగా ఒరగదు. గడ్డిబండి గురుత్వ కేంద్రం ఎత్తులో ఉండడమే కారణం.

ఎం.జి.బి. కథలోనూ ఇలాంటి ఘట్టం ఒకటి ఉంది. అమెరికా నిబంధనలను అనుసరించడానికి 1974 చివరలో ఈ కారుకు ముందూ వెనకా పెద్ద నల్ల బంపర్లు తగిలించారు. కారు ఎత్తును కూడా ఒకటిన్నర అంగుళం, అంటే దాదాపు 4 సెంటీమీటర్లు పెంచారు. దాంతో మలుపుల్లో ఒరుగుడు ఎక్కువైందని అందరూ పెదవి విరిచారు.

నాలుగు సెంటీమీటర్లకే అంత తేడానా? చూద్దాం. వెయ్యి కిలోల కారు గురుత్వ కేంద్రం నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 125 సెంటీమీటర్లు అనుకుందాం. గురుత్వ త్వరణంలో పదింట ఏడు వంతుల త్వరణంతో మలుపు తిరిగితే, లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారే భారం 1000 × 0.7 × 50 ÷ 125, అంటే 280 కిలోలు. గురుత్వ కేంద్రం 46 సెంటీమీటర్లకు దిగితే మారేది 258 కిలోలే. టైరు మీద భారం రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకు తక్కువే పెరుగుతుంది. అందుచేత భారం నాలుగు చక్రాల మీద ఎంత సమంగా ఉంటే కారు మొత్తం పట్టు అంత ఎక్కువ.

ఆ కారును తిరిగి కిందికి దించడం పెద్ద ఖర్చు కాదు. ముందు వైపు పొట్టి స్ప్రింగులు వేస్తారు. వెనక వైపు లారీలకు ఉన్నట్టే కమాను కట్టలు ఉంటాయి. ఇరుసుకూ కమానుకూ మధ్య చిన్న దిమ్మ పెడితే చాలు. ఒరుగుడును అడ్డుకునే ఉక్కు కడ్డీని కూడా అమర్చుతారు. 1976లో కంపెనీ వారే ముందూ వెనకా ఆ కడ్డీలు పెట్టడం మొదలుపెట్టారు. అయితే అతి పనికిరాదు. మరీ దించితే గుంటలో పడినప్పుడు స్ప్రింగు కదలడానికి చోటు చాలక చక్రం ఎగిరిపడుతుంది. గాలిలో ఉన్న టైరుకు పట్టు ఎక్కడిది?

బరువు తగ్గితే బలం పెరిగినట్టే

త్వరణం అంటే బలాన్ని ద్రవ్యరాశితో భాగించగా వచ్చేది. న్యూటన్ రెండో సూత్రం ఇదే. వెయ్యి కిలోల కారులో 50 కిలోలు తగ్గిస్తే త్వరణం అయిదు శాతానికి పైగా పెరుగుతుంది. 95 అశ్వశక్తుల ఇంజను 100 అశ్వశక్తులదైనట్టే! పైగా ఈ లాభం ఆపేటప్పుడూ, మలుపు తిప్పేటప్పుడూ కూడా దక్కుతుంది. లోటస్ కార్ల సంస్థను స్థాపించిన కాలిన్ చాప్‌మన్ కార్లన్నిటికీ తేలికదనమే ప్రాణం. డిక్కీలో పేరుకుపోయిన సామాను తీసివేయడానికి కాణీ ఖర్చు లేదు. కాని అదనపు చక్రాన్నీ, సీటు బెల్టులనూ బరువు పేరిట తీసివేసేవాడు తెలివైనవాడు కాడు.

ఇంజను ఊపిరి

ఇక మన యువకుడి మనసు పడిన ఇంజను సంగతి. నాలుగు ఘాతాల ఇంజను రెండు భ్రమణాలకు ఒకసారి ఊపిరి పీలుస్తుంది. నిమిషానికి 5400 భ్రమణాలు చేసే ఈ ఇంజను నిండుగా పీల్చుకుంటే సెకండుకు 80 లీటర్ల గాలి కావాలి. దారిలో ప్రతి మలుపూ, ప్రతి ఇరుకూ దానికి అడ్డే. ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లకు గాలి లోపలికి పోయే ద్వారాలు రెండే. పొగ బయటికి వచ్చేవి మూడు. ఇంటికి నలుగురు, వాకిళ్ళు రెండు అన్నట్టుంటుంది. కాబట్టి సిలిండరు మూతను విప్పి, ఆ దారులను నున్నగా తీర్చిదిద్దితే మంచి ఫలితం ఉంటుంది. మూత విప్పినప్పుడే గట్టి లోహపు వాల్వు పీఠాలు కూడా వేయించుకోవాలి. ఎందుకంటే పాత రోజుల్లో పెట్రోలులో కలిపిన సీసం ఆ పీఠాలను అరుగుదల నుంచి కాపాడేది. సీసం ఆరోగ్యానికి చేటు కనుక బ్రిటన్‌లో 1999తో, మన దేశంలో 2000లో దాన్ని మానివేశారు.

మరి పెద్ద కార్బురేటరు? సన్నని గొంతులో గాలి వేగంగా పోతుంది, అక్కడ పీడనం తగ్గుతుంది, పెట్రోలు సన్నని తుంపరగా పైకి లేస్తుంది. గొంతు మరీ పెద్దదైతే తక్కువ వేగాల దగ్గర గాలి నెమ్మదించి, పెట్రోలు పెద్ద బొట్లుగా పడుతుంది. కారు తడబడుతుంది. ఎం.జి.బి.కి మొదటి నుంచీ ఉన్న ఎస్.యు. కార్బురేటరు ఈ చిక్కును చక్కగా విప్పింది. గాలి ఎక్కువైనప్పుడు అందులోని పిస్టన్ తానే పైకి లేచి గొంతును పెద్దది చేస్తుంది. ఆ పిస్టన్ కింద ఉన్న సూది పెట్రోలును కొలిచి వదులుతుంది. పొగగొట్టమో గాలి వడపోతో మార్చినప్పుడు కార్బురేటరును పారేయనక్కరలేదు. వేరే కొలత సూది వేస్తే చాలు.

పోనీ, ఎంతో ఖర్చు పెట్టి బలం పది శాతం పెంచాడనుకోండి. గరిష్ఠ వేగం పది శాతం పెరుగుతుందా? పెరగదు. గాలి నిరోధం వేగ వర్గాన్ని అనుసరిస్తుంది. దాన్ని జయించడానికి కావలసిన బలం వేగ ఘనాన్ని అనుసరిస్తుంది. 1.1కి ఘనమూలం 1.03. అంటే 165 కిలోమీటర్లు 170 అవుతుంది, అంతే!

ఇప్పుడు మన యువకుడి జాబితా ఇలా తయారైంది: మరమ్మతు, టైర్లు, బ్రేకులు, ఎత్తు, బరువు, అన్నిటి తరువాత ఇంజను. అతడు డబ్బు అయిపోయిన చోట ఆగిపోయినా నష్టం లేదు. ఏ మెట్టు మీద ఆగినా అతని కారు మునుపటికన్నా మెరుగ్గానే ఉంటుంది. వరస తలకిందులు చేస్తే మాత్రం, బలమున్న ఇంజనూ ఆగని చక్రాలూ మిగులుతాయి.

మీరూ చేసి చూడండి

రెండు ఖాళీ అగ్గిపెట్టెలు తీసుకోండి. ఒకదాని అడుగున, మరొకదాని పైకొసన ఒక్కొక్క నాణెం జిగురుతో అంటించండి. రెండిటినీ ఒక పలక మీద నిలువుగా నిలబెట్టండి. జారకుండా పలక మీద గరుకు గుడ్డ పరచండి. పలక ఒక అంచును మెల్లగా పైకెత్తండి. ఏది ముందు పడింది? ఒక్కొక్కటి ఎన్ని డిగ్రీల దగ్గర పడిందో కోణమానినితో కొలిచి రాసుకోండి. తరువాత నాణేన్ని కొద్దికొద్దిగా కిందికి జరుపుతూ కోణం ఎలా మారుతుందో గ్రాఫు గీయండి.