మేయరు జోన్సు - నగరనీతి

నగరపాలక సంఘమునకు ఎన్నికలు జరుగునపుడు అభ్యర్థులు సాధారణముగా నీటిసరఫరా, వీధిదీపములు, మురుగుకాలువలు, ఇంటిపన్ను మున్నగువానిని గూర్చి మాటలాడుదురు. ఇవి ముఖ్యమైన విషయములే. కాని ఒక్కొక్కప్పుడు వీని వెనుక దాగియున్న వేరొక ప్రశ్న పైకి వచ్చుచుండును. నగరమును ఏలువారికి పౌరుల నీతినడవడులతో ఎంతవరకు ప్రమేయము గలదు? త్రాగుడును, జూదమును, పడుపువృత్తిని పోలీసుల లాఠీతో మాన్పింపవచ్చునా? నీతి యనునది ఈ వ్యసనములతోనే ముగియునా, లేక నగరపు ఆస్తిని, నగరపు కూలివానిని, నగరపు చెఱసాలను గూడ స్పృశించునా?

ఈ ప్రశ్నలను ఎన్నికల వేదికపై నిలిచి సూటిగా చర్చించి, వానికై తన పదవినే పణముగా నొడ్డిన అభ్యర్థి యొకడు 1899వ సంవత్సరమున అమెరికా దేశమున నుండెను. ఆతని పేరు శామ్యూల్ మిల్టన్ జోన్సు. ఊరు ఒహాయో రాష్ట్రములోని టొలీడో. ఈరీ సరస్సు పడమటి కొనయందు, మామీ నది సరస్సులో కలియు చోట, ఆ నగరము వెలసియున్నది. 1900 జనాభా లెక్కల నాడు అందు 1,31,822 మంది నివసించుచుండిరి. కర్మాగారములు, రైలుమార్గములు, ఓడరేవు గల శ్రామికుల నగరమది. వారిలో జర్మనీనుండియు, పోలండునుండియు వలస వచ్చినవారు పెక్కుమంది.

జోన్సు 1846లో వేల్సు దేశమున ఒక పేద కుటుంబమున జన్మించెను. మూడేండ్ల ప్రాయమున తలిదండ్రులతో అమెరికా చేరెను. ఆతనికి అబ్బిన బడిచదువు మూడేండ్లకు మించదు. యౌవనమున పెన్సిల్వేనియా నూనెబావులలో కూలిపనికి చేరి, క్రమముగా తానే బావులు త్రవ్వించి, ఒహాయోలో ధనవంతుడయ్యెను. 1892లో టొలీడోకు వచ్చి, నూనెబావుల పంపులలో వాడు కడ్డీ నొకదానిని మెరుగుపరచి, 1894లో దానిని తయారుచేయు కర్మాగారమును స్థాపించెను. 1893లో ఆరంభమైన ఆర్థికసంక్షోభము అప్పటికింకను తీరలేదు. పని కొఱకు తన వాకిట నిలిచిన మనుష్యుల దైన్యమును చూచి జోన్సు మనస్సు కలతపడెను. చేతనైన పని చేయుటకు సిద్ధముగా నున్నవాడు ఏల ఆకలిగొనవలెను అను ప్రశ్న ఆతనిని అటుపై విడువలేదు.

ఆ కాలపు కర్మాగారముల గోడలపై నిషేధములతోను, జరిమానాలతోను నిండిన నియమావళులు కానవచ్చుచుండెను. జోన్సు వానికి బదులు బైబిలులోని ఒక్క వాక్యమును వ్రాయించి పెట్టించెను. ఇతరులు మనకేమి చేయవలెనని కోరుదుమో, దానినే మనము వారికి చేయవలెనని దాని భావము. దానికి సువర్ణసూత్రమని ప్రసిద్ధి. తెలుగువారికి ఈ భావము క్రొత్తది కాదు. తనకు అప్రియమైనది ఇతరులకు చేయకుండుటయే పరమధర్మమని తిక్కన శాంతిపర్వమున చెప్పియున్నాడు. తిక్కన చెప్పినది నిషేధరూపమున నున్నది. జోన్సు పట్టుకొన్నది విధిరూపమున నున్నది. కీడు చేయకుండిన చాలదు, మేలు చేయవలెనని ఈ రెండవది కోరును. ఆ సూత్రమును బట్టియే ఆతడు తన పనివారికి ఎనిమిది గంటల దినమును, జీతముతో కూడిన సెలవును ఏర్పరచెను. కర్మాగారము ప్రక్కనే వారికొక ఉద్యానము నిర్మించెను. జనులాతనిని సువర్ణసూత్రపు జోన్సు అని పిలువసాగిరి.

1897లో రిపబ్లికను పక్షమువారు తమలో తమకు తగవులు వచ్చి, ఎవరికిని విరోధి కాని మనుష్యుని వెదకుచు, ఈతనిని మేయరు పదవికి అభ్యర్థిగా నిలిపిరి. స్వల్పమైన ఆధిక్యముతో ఆతడు గెలిచెను. దైవభక్తి గల వర్తకుడు, తాను త్రాగనివాడు, నగరమును శుభ్రపరచునని పలువురు మతాచార్యులు ఆశించిరి. వారి దృష్టిలో శుభ్రపరచుట యనగా ఆదివారము పానశాలలను మూయించుట, జూదగృహములను పట్టించుట, పడుపుగత్తెలను ఊరినుండి వెడలగొట్టుట.

ఇచటనే మేయరునకును, మతాచార్యులకును భేదము కలిగెను. ఆదివారపు నిషేధములు నగరము చేసికొన్న శాసనములు కావు. కొలంబసు పట్టణమున రాష్ట్ర శాసనసభ చేసినవి. వారమున ఆరు దినములు శ్రమించిన జర్మను కూలివానికి ఆదివారము కుటుంబముతో కూర్చుండి బీరు త్రాగుట తాతలనాటి ఆచారము. పానశాల యనునది పేదవాని విలాసమందిరమని జోన్సు వాదించెను. ధనికులకు మంచి పుస్తకములు, వెచ్చని గదులు, మిత్రుల గోష్ఠి ఇంటనే లభించును. చలికాలమున పేదవానికి దీపమును, నిప్పును, మాటకు తోడును దొరకు చోటు అదియొక్కటియే. దానిని మూయింపదలచువాడు ముందుగా దానికి బదులు వేరొకటి చూపవలెను. కావుననే ఆతడు పోలీసులను పంపుటకు మారుగా ఆటస్థలములు, పసిపిల్లల బడులు, ఉద్యానములలో ఉచిత సంగీత సభలు ఏర్పరచుటయందు శ్రద్ధ వహించెను.

పడుపువృత్తి విషయమున జరిగిన సంభాషణ నొకదానిని, ఆతని మిత్రుడును, తరువాతి కాలమున టొలీడోకు మేయరైనవాడును అగు బ్రాండ్ విట్లాక్ 1914లో ప్రచురించిన తన జ్ఞాపకములలో చెప్పియున్నాడు. మతాచార్యులు కొందరు వచ్చి, ఆ స్త్రీలను నగరమునుండి తరిమివేయవలసినదని కోరిరట. ఎచటికి తరుమవలెనని మేయరు అడిగెను. వారు ఎచటనో యొకచోట బ్రదుకవలెను గదా. డెట్రాయిటుకు పంపవలెనా, క్లీవులండుకు పంపవలెనా యనెను. పిదప తానొక మార్గము సూచించెను. వారిలో మిక్కిలి చెడినవారిని ఇరువురను తాను ఇంటికి గొనిపోయి, గౌరవముగా జీవించు ఉపాయము దొరకువరకు పోషించును; వచ్చినవారు గూడ తలకొకరిని అట్లే చేరదీయవలెను. ఆ సూచనను అంగీకరించినవారెవ్వరును లేకపోయిరి.

ఈ మాటను కేవలము చమత్కారముగా తలపరాదు. ఒక ఊరినుండి మరియొక ఊరికి తరుమబడిన పాపము నశింపదు; దాని చిరునామా మాత్రము మారును. తరిమినవారికి మాత్రము తమ ఊరు పవిత్రమైనదన్న తృప్తి మిగులును. అట్టి తృప్తిని నీతి యనుటకు జోన్సు ఒప్పుకొనలేదు.

పోలీసుల విషయమునను ఆతడు ఇట్లే నడచుకొనెను. వారి చేతి దుడ్డుకఱ్ఱలను తీసివేయించి తేలికైన చేతికఱ్ఱలు ఇప్పించెను. వారికి గూడ ఎనిమిది గంటల పని ఏర్పరచి, సిఫారసులను బట్టి గాక యోగ్యతను బట్టి నియమించు పద్ధతికి పాటుపడెను. ఆనాటి నిబంధనల ప్రకారము పోలీసు న్యాయస్థానపు న్యాయాధిపతి లేనపుడు మేయరు ఆ పీఠమున కూర్చుండవచ్చును. జోన్సు కూర్చుండినపుడెల్ల త్రాగుబోతులను, దేశదిమ్మరులను, చిల్లర నేరములు చేసినవారిని తఱుచుగా మందలించి విడిచిపెట్టుచుండెను. ఆతని హేతువు సులభగ్రాహ్యము. ఒకే నేరమునకు ఒకే జరిమానా విధించినను, ధనము గలవాడు చెల్లించి ఇంటికి పోవును. లేనివాడు చెఱసాలకు పోవును. అనగా శిక్ష నేరమునకు గాక పేదరికమునకు పడుచున్నదన్నమాట. ఆతని తీర్పులు సహింపరానివై, ఒహాయో శాసనసభ మేయరునకు గల ఆ యధికారమును తొలగించెను.

1899 వసంతమున ఎన్నికలు మరల వచ్చినపుడు రిపబ్లికను పక్షము జోన్సును త్రోసిపుచ్చెను. ఏ పక్షమునకును చెందని మనుష్యుడనని చెప్పుకొని ఆతడు స్వతంత్రుడుగా నిలిచెను. ఈతని పేరే గల ప్రసిద్ధ మతప్రచారకుడు, జార్జియా రాష్ట్రపు శామ్ జోన్సు, టొలీడోకు వచ్చి మేయరు మెతకదనమును ఖండించుచు ఉపన్యసించెను. సువర్ణసూత్రము కొంతవరకే చెల్లును, అటుపైన దండము అవసరమని ఆయన వాదము. ఓటర్లు తమ తీర్పు చెప్పిరి. రెండు పెద్ద పక్షములు ఎదిరించినను, దాదాపు నూటికి 70 వంతుల ఓట్లు మేయరునకే వచ్చెను. ఆ సంవత్సరమే గవర్నరు పదవికి స్వతంత్రుడుగా పోటీచేసి లక్షకు పైగా ఓట్లు పొందియు ఓడిపోయెను. నగరమున మాత్రము 1901లోను, 1903లోను మరల గెలిచెను.

మతాచార్యులు గణింపని నీతిప్రశ్న మరియొకటి కలదని జోన్సు పదేపదే చెప్పుచుండెను. అది వీథులను గూర్చినది. విద్యుచ్ఛక్తితో నడచు ట్రాముబండ్లు ఆ దశాబ్దమున నగరముల రూపమునే మార్చివేసెను. వీథిలో పట్టాలు వేసికొని బండ్లు నడుపు హక్కును నగర కౌన్సిలు ఒక కంపెనీకి ఏండ్ల తరబడి వ్రాసియిచ్చుచుండెను. వీథి జనులందరి ఆస్తి. దానిపై వచ్చు లాభము కొలదిమందికి ఒక తరమంతయు దక్కుచుండెను. ఆ హక్కుకై కౌన్సిలు సభ్యులను ప్రలోభపెట్టుట పలు అమెరికా నగరములలో జరిగిన విషయమే. ఆదివారము ఒక గ్లాసు బీరు అమ్మినవాడు నేరస్థుడును, నగరపు వీథినే కాజేసినవాడు పెద్దమనిషియు ఎట్లగునని జోన్సు ప్రశ్న. ట్రాము కంపెనీకి హక్కు పొడిగించుచు కౌన్సిలు చేసిన తీర్మానమును ఆతడు తన నిషేధాధికారముతో త్రోసిపుచ్చెను. ట్రాములు, దీపములు నగరపు సొత్తుగానే నడువవలెనని ఆతని పట్టుదల.

జోన్సు వాదమునందు లోపములు లేకపోలేదు. శాసనములలో తనకు నచ్చినవానిని అమలుజరిపి, నచ్చనివానిని ఉపేక్షించు హక్కు మేయరునకు కలదా? సత్పురుషుడైన మేయరు కరుణతో ఉపేక్షించును. తరువాత వచ్చువాడు లంచము పుచ్చుకొని ఉపేక్షింపవచ్చును. రెంటికిని బయటి రూపు ఒక్కటియే. చెడ్డ శాసనమును రద్దుచేయించుట వేరు, దానిని నిద్రపుచ్చుట వేరు. తరువాత మేయరైన విట్లాక్‌నకును ఈ చిక్కే ఎదురయ్యెను. నగరములలో శాసనముల అమలును గూర్చి ఆయన ప్రత్యేకముగ ఒక గ్రంథమే వ్రాసెను. ఒహాయో నగరములు తమ పాలనమును తామే నిర్ణయించుకొను హక్కును రాష్ట్ర రాజ్యాంగమున 1912లో పొందెను. చిక్కులోని సగము అట్లు తీరినది.

రెండవ ఆక్షేపణ ఇంకను బలమైనది. పానశాల పేదవాని విలాసమందిరమన్నమాట నిజమే. కాని ఆ పేదవాని ఇల్లాలికి అదేమి? వారపు కూలి అచటనే ఖర్చయినచో ఇంట పొయ్యి ఎట్లు రగులును? 1899లో టొలీడో స్త్రీలకు మేయరును ఎన్నుకొను ఓటు లేదు. త్రాగుడువలన ఎక్కువ బాధపడినవారి అభిప్రాయము ఆ ఓట్ల లెక్కలో చేరనేలేదు. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో పేదస్త్రీలు సారాపై తిరుగబడిన వృత్తాంతము ఎరిగినవారికి ఈ లోటు వెంటనే కనబడును. అచట నిషేధము కోరినది వేదికనెక్కిన ఉపదేశకుడు కాదు. కూలి కోల్పోయిన ఇల్లు.

ఇక దండమునే నమ్మినవారి మార్గమును గూడ చరిత్ర పరీక్షించినది. పానశాలల నిర్మూలనకై 1893లో ఒహాయోలోనే, ఓబర్లిన్ పట్టణమున, పుట్టిన ఉద్యమము దేశమంతట వ్యాపించి, 1920లో అమెరికా యంతట మద్యనిషేధమును సాధించెను. దొంగసారాయు, దానితోపాటు పోలీసుల లంచములును ప్రబలి, 1933లో ఆ నిషేధము రద్దయ్యెను. వ్యసనమును తరుమవచ్చును గాని, దాని కారణములను తరుముటకు పోలీసు చాలడని జోన్సు చేసిన హెచ్చరిక అట్లు రుజువయ్యెను.

జోన్సు 1904 జూలై 12వ తేదీన, మేయరు పదవిలో నుండగనే, 57 ఏండ్ల వయసున మరణించెను. అంత్యక్రియలకు వేలకొలది జనులు వచ్చిరి. తన పనివారికి వారము వారము జీతపు కవరులో పెట్టి ఆతడు వ్రాసిన లేఖలు మరుసటి యేట గ్రంథముగా వెలువడెను. ఆతడు పక్షమును స్థాపింపలేదు. ట్రాములను నగరపు సొత్తుగా చూడకయే కన్నుమూసెను. కాని నాటి తరమువారి మనస్సున ఒక కొలబద్దను మాత్రము నిలిపిపోయెను.

ఆ కొలబద్ద మనకును ఉపయోగపడునది. నగరమున నీతిని నిలుపుదునని ఒక అభ్యర్థి మన గడపకు వచ్చినపుడు మనము ఆతనిని రెండు ప్రశ్నలు అడుగవచ్చును. మొదటిది: నీ నీతిభారము ఎవరి వీపుపై పడును? వీథిలో దొరకిన దుర్బలునిపైననా, నగరపు ఆస్తిని అనుభవించుచున్న బలవంతునిపైననా? రెండవది: నీవు మూయింపదలచిన తలుపునకు బదులుగా ఏ తలుపు తెరువ సంకల్పించితివి? ఈ రెంటికిని నేరుగా సమాధానము చెప్పగలవాని మాట వినదగినది. చెప్పలేనివాడు ఎంత గట్టిగా నీతిని బోధించినను, ఆ స్త్రీలను పొరుగూరికి పంపివేయుమని కోరినవారికంటె ముందడుగు వేసినవాడు కాడు.