ముళ్లకంచె వెనుక మైదానం

మా బడి గ్రంథాలయంలో పిల్లలకు నేను చదివి వినిపించే బొమ్మల పుస్తకాల్లో నాకు ప్రాణం ‘బేస్‌బాల్ సేవ్డ్ అస్’. కెన్ మోచిజుకి రాశారు, 1993లో వచ్చింది. పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి తర్వాత, 1942లో, అమెరికా దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లను ఇళ్లు ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టింది. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే! అలాంటి ఒక శిబిరంలోనే ఈ కథ నడుస్తుంది; అందులో ఒక తండ్రి ఎడారి నేలను చదునుచేసి పిల్లలకు బేస్‌బాల్ మైదానం తయారుచేస్తాడు.

ఈ పుస్తకానికి డామ్ లీ వేసిన బొమ్మలు తీరిగ్గా చూడాలి. కాగితానికి తేనెమైనం పూసి, గీరి, ఆపైన నూనెరంగులు వేశారు. కావలి బురుజు మీది సైనికుడు కనిపించగానే పిల్లలు నన్ను ఆపేస్తారు. “టీచర్, వీళ్లేం తప్పు చేశారు?”

ఏ తప్పూ చేయలేదనే చెబుతాను. 1988లో ప్రభుత్వమే క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్లకు తలా 20,000 డాలర్లు పరిహారం ప్రకటించిందనీ చెబుతాను.